విప్పి మళ్ళీ బిగించే మేడలు: చైనా కొండల మీద, నదుల ఒడ్డున

నమస్కారం. వెనక వరుసలవాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాన్ కాస్త తగ్గించండి బాబూ, చప్పుడు ఎక్కువగా ఉంది. సరే.

తెర మీద ఉన్నది వుహాన్ నగరం. కింద పారేది యాంగ్జీ నది. కొండ మీద కనిపించే ఐదంతస్తుల కట్టడాన్ని హువాంగ్‌హె లౌ అంటారు. పసుపు కొంగ మేడ. పసుపు పెంకుల కప్పులు, కొసల్లో పైకి లేచిన చూర్లు, ఎర్రటి స్తంభాలు. ఎత్తు 51 మీటర్ల పైమాటే. ఎన్నేళ్ళనాటిదని అడిగితే గైడు తడుముకోకుండా క్రీస్తుశకం 223 అంటాడు. లోపలికి వెళ్తే లిఫ్ట్ ఉంటుంది. స్తంభాన్ని వేలితో తట్టి చూస్తే కాంక్రీటు. 1981లో మొదలుపెట్టి 1985లో తెరిచారు.

ఇది తెలిశాక మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు 'అంతా డూప్లికేటండీ, చైనా సరుకు' అని నవ్వేస్తారు. ఇంకొందరు 'పునర్నిర్మాణం కదా, అక్కడ అదే సంప్రదాయం, మనకేం తెలుసు' అని వదిలేస్తారు. రెండు మాటలూ తొందరపాటే. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చైనా పాత కట్టడం అసలు స్వభావం అది విప్పడానికీ మళ్ళీ బిగించడానికీ వీలుగా ఉండడం. చూరు వంపూ ఎర్రరంగూ ఆ తర్వాతి మాట. ఏ కట్టడాన్నైనా ఈ ఒక్క కొలతతో చూస్తే ఏం మిగిలిందో, ఏం పోయిందో తెలుస్తుంది.

ముందు పసుపు కొంగ మేడ సంగతే పూర్తిచేద్దాం. మూడు రాజ్యాలు కొట్టుకుంటున్న కాలంలో వూ రాజ్యాధిపతి సున్ చువాన్ నది మీద కన్నేసి ఉంచడానికి ఇక్కడ కోట కట్టించాడు. దాని మూలనే ఈ కాపలా మేడ వెలసిందంటారు. సైనికుల అవసరం పోయాక కవులు ఎక్కారు. తాంగ్ రాజవంశ కాలంలో, అంటే 7-10 శతాబ్దాల మధ్య, త్సుయ్ హావో అనే కవి ఇక్కడ ఒక పద్యం రాశాడు. కొంగ ఎక్కి వెళ్ళిపోయినవాడు ఇక రాడు, ఇక్కడ మేడ ఒక్కటే మిగిలిందని దాని సారం. తర్వాత వచ్చిన మహాకవి లీ బాయ్ అది చదివి 'ఇక నేను రాసేదేముంది' అని కుంచె కింద పెట్టాడని కథ. కుంచె పెట్టాడో లేదో గానీ, స్నేహితుడు మెంగ్ హావోరాన్‌ని ఇక్కడి నుంచి పడవ ఎక్కించి ఆయన రాసిన పద్యం చైనాలో బడిపిల్లలకి కూడా నోటికి వస్తుంది.

మేడ మాత్రం కాలుతూ, కూలుతూ, మళ్ళీ లేస్తూనే ఉంది. చివరి చెక్క మేడ 1868లో కట్టారు. 1884లో పక్క ఇంట్లో లేచిన మంట అంటుకుని అదీ పోయింది. శిఖరం మీది కంచు ముక్క మిగిలింది. దాన్ని ఇప్పుడు ఆ పార్కులోనే చూడొచ్చు. 1957లో యాంగ్జీ మీద పెద్ద వంతెన వేసినప్పుడు మేడ ఉన్న చోటు వంతెన కొసకి పోయింది. అందుకని ఇప్పటి మేడ పాత చోటికి సుమారు కిలోమీటరు దూరంలో ఉంది. 1868నాటి మేడ మూడంతస్తులది. షియాంగ్ షిన్‌రాన్ అనే ఆర్కిటెక్ట్ దాని పోలికలోనే ఐదంతస్తులు వేశాడు. చుట్టూ నగరం ఎదిగిపోయింది కాబట్టి పాత ఎత్తులో కడితే మేడ కనిపించదు.

అంటే చెక్క పోయింది, చోటు మారింది, కొలత మారింది. మిగిలినవి పేరూ పద్యాలూ, పైకెక్కితే కనిపించే నదీ. ఆ నది చిన్న విషయం కాదు. ఈ మేడలన్నీ ఎక్కి నాలుగువైపులా చూడడానికే కట్టారు. ప్రతి అంతస్తులో చుట్టూ వసారా ఉండేది అందుకే. 1630లలో జీ చెంగ్ అనే ఆయన తోటల నిర్మాణం మీద పుస్తకం రాస్తూ, దూరంగా ఉన్న కొండనీ నీటినీ అప్పు తెచ్చుకుని మన ఆవరణలో కలుపుకోవాలని చెప్పాడు. ఆ లెక్కన 1985నాటి కాంక్రీటు మేడ తన పని తాను చేస్తూనే ఉంది. మోసం అననక్కర్లేదు. కానీ ఒకటి పోయింది. అదేమిటో చెప్పాలంటే చెక్క కట్టడం లోపలికి వెళ్ళాలి.

ఇది చూడండి, స్తంభానికీ చూరుకీ మధ్య పొరలు పొరలుగా పేర్చినట్టున్న చెక్క ముక్కల గుత్తి. దీన్ని దౌగొంగ్ అంటారు. కింద ఒక దిమ్మ, దాని మీద అడ్డంగా ఒక చేయి, ఆ చేతి కొసన ఇంకో దిమ్మ, దాని మీద ఇంకో చేయి. ఇలా మెట్లు మెట్లుగా బయటికి జరుగుతూ బరువైన పెంకుల చూరుని మోస్తుంది. చూరు ఎంత ముందుకి వస్తే వాన అంత దూరంగా పడుతుంది, చెక్క తడవదు. వీటికి మేకులు కొట్టరు. ఒక ముక్కని నాలుకలా చెక్కి, ఇంకో ముక్కలో తొలిచిన బెజ్జంలోకి దిగ్గొడతారు. భూకంపం వస్తే ఆ కీళ్ళన్నీ కాస్త కాస్త కదిలి ఊపుని మింగేస్తాయి. షాన్సీ రాష్ట్రంలోని యింగ్‌షియాన్ గోపురం 1056లో కట్టినది. మొత్తం చెక్క, 67 మీటర్లు. అందులో యాభైకి పైగా రకాల దౌగొంగ్‌లు ఉన్నాయి. ఇప్పటికీ నిలబడే ఉంది, కాకపోతే ఒక పక్కకి వాలింది. పైఅంతస్తులకి ఎవరినీ వెళ్ళనివ్వడం లేదు.

ఈ ముక్కలన్నిటికీ కొలతలు ఉన్నాయి. 1103లో సోంగ్ రాజవంశపు ప్రభుత్వం ఒక నిర్మాణ గ్రంథం అచ్చువేయించింది. రాసినది లీ జియే అనే అధికారి. ఉద్దేశం కళాపోషణేమీ కాదు. కాంట్రాక్టుల్లో సొమ్ము కారిపోకుండా చూడడం, ఏ పనికి ఎంత కలప, ఎంతమంది మనుషులు అని లెక్క కట్టడం. కలపని ఎనిమిది తరగతులుగా విడగొట్టి, కట్టడం స్థాయిని బట్టి ఒక తరగతి ఎంచుకుంటే మిగతా ముక్కల కొలతలు దాని నుంచే వచ్చేలా ఏర్పాటు చేశాడు. దాని ఫలితం మనకి ముఖ్యం. ఒక ముక్క పుచ్చిపోతే అదే కొలతతో ఇంకోటి చెక్కి ఆ చోట పెట్టొచ్చు. మొత్తం కట్టడాన్నే విప్పి నేల మీద పరిచి, పాడైనవి మార్చి, మళ్ళీ నిలబెట్టొచ్చు.

దీనికి మంచి ఉదాహరణ యుయెయాంగ్ మేడ. హునాన్‌లో, దోంగ్‌టింగ్ సరస్సు ఒడ్డున ఉంటుంది. మూడంతస్తులు, సుమారు 19 మీటర్లు, అంతే. పసుపు కొంగ మేడ పక్కన పెడితే పిల్లాడు. కానీ ఇది చెక్కది. నాన్ము అనే చెట్టు మానులు నాలుగు కింది నుంచి పై కప్పు దాకా సాగి దీన్ని మోస్తున్నాయి. పైకప్పు యోధుడి శిరస్త్రాణం ఆకారంలో ఉంటుంది, ఇలాంటిది చైనాలోనే అరుదు. ఇప్పటి కట్టడం 1880నాటిది. 1983లో దీన్ని విప్పారు. పుచ్చిన ముక్కలకి అచ్చం అలాంటివే చేసి, బాగున్నవాటిని అలాగే ఉంచి మళ్ళీ బిగించారు. లిఫ్ట్ లేదు. మెట్లు ఎక్కాల్సిందే.

ఈ మేడ గురించి ఒక ముచ్చట ఉంది. 1040లలో తెంగ్ జిజింగ్ అనే అధికారిని రాజధాని నుంచి ఇక్కడికి తోసేశారు. ఆయన దిగులు పడకుండా మేడ బాగు చేయించి, దాని మీద ఏదైనా రాయమని స్నేహితుడు ఫాన్ జోంగ్‌యాన్‌ని అడిగాడు. 1046లో ఆ వ్యాసం వచ్చింది. లోకం కంటే ముందు బాధపడు, లోకం సుఖపడ్డాకే నువ్వు సుఖపడు అనే మాట అందులోదే. తమాషా ఏమిటంటే, రాసేటప్పుడు ఫాన్ ఉన్నది ఎక్కడో డెంగ్‌జౌలో. మేడ దగ్గర కాదు. వానలో సరస్సు, వెన్నెల్లో సరస్సు అన్నీ అక్కడ కూర్చునే రాశాడు. ఇవాళ యుయెయాంగ్ వచ్చేవాళ్ళలో చాలామందిని రప్పించేది ఆ వ్యాసమే.

అలాగే నాన్‌చాంగ్‌లో గాన్ నది ఒడ్డున తెంగ్‌వాంగ్ మందిరం. 653లో ఒక తాంగ్ రాజకుమారుడు కట్టించాడు. వాంగ్ బో అనే కుర్రకవి రాసిన వచనం దాన్ని అజరామరం చేసింది. 1926లో యుద్ధప్రభువుల సైన్యం నిప్పు పెడితే కాలిపోయింది. తర్వాత 1989లో తెరిచినది 57.5 మీటర్ల కాంక్రీటు కట్టడం. ఇరవై తొమ్మిదోసారి కట్టినట్టు లెక్క. దీనికి ఆధారం 1942లో లియాంగ్ సిచెంగ్, మో జోంగ్‌జియాంగ్ గీసిన బొమ్మలు. వాటిని సోంగ్ శైలిలో గీశారు. పేరు తాంగ్‌ది, రూపం సోంగ్‌ది, ఒళ్ళు ఇరవయ్యో శతాబ్దానిది.

లియాంగ్ పేరు వచ్చింది కాబట్టి ఒక నిమిషం ఆగుతాను. ఈయనా, ఈయన భార్య లిన్ హుయియిన్, ఇద్దరూ ఆర్కిటెక్చర్ పరిశోధకులు. తాంగ్ కాలపు చెక్క కట్టడం చైనాలో ఒక్కటీ మిగల్లేదని, చూడాలంటే జపాన్ రావాల్సిందేనని జపాన్ పండితులు అనేవారు. 1937 వేసవిలో వీళ్ళు కంచరగాడిదల మీద వూతాయ్ కొండల్లోకి వెళ్ళి ఫోగువాంగ్ ఆలయం చూశారు. గబ్బిలాలూ నల్లులూ నిండిన అటక మీదికి పాకి దూలాలు కొలిచారు. దూలం కింద సిరాతో రాసిన అక్షరాలు లిన్ కంట పడ్డాయి. కట్టడానికి డబ్బిచ్చిన దాత పేరు అది, నింగ్ గోంగ్‌యు అనే ఒక స్త్రీ. అదే పేరు గుడి బయటి రాతి స్తంభం మీద తేదీతో సహా ఉంది. అలా తేలింది: 857. వాళ్ళు కొండ దిగేసరికి జపాన్‌తో యుద్ధం మొదలైంది.

ఇక కొండలకి వద్దాం. తర్వాతి ఫోటో వేయండి. ఇది అందరూ వాట్సాప్‌లో చూసే ఉంటారు. షాన్సీలో దాతోంగ్ దగ్గర హెంగ్ కొండల్లో నిట్టనిలువు రాతిగోడకి అతుక్కున్న ఆలయం, షువాన్‌కోంగ్ సి, అంటే వేలాడే ఆలయం. 491లో, ఉత్తర వెయ్ కాలంలో మొదలైందని చెబుతారు. ఇప్పుడున్న చెక్కలో ఎక్కువ భాగం మింగ్, చింగ్ రాజవంశాల కాలాల్లో మార్చినది. కింద సన్నటి కర్రలు కనిపిస్తున్నాయి కదా, చూసినవాళ్ళకి టెన్షన్ పుట్టేది వాటి వల్లే. ఆలయం వాటి మీద నిలబడిందనుకుంటాం. నిజానికి బరువంతా మోసేది మనకి కనబడదు. రాతిలో అడ్డంగా బెజ్జాలు తొలిచి దూలాలు దిగ్గొట్టారు. దూలంలో ఎక్కువ భాగం కొండ లోపలే ఉంది. లోపలి కొసకి చీల పెట్టి కొడితే, మన ఇంట్లో గోడకి బిగించే యాంకర్ బోల్టులాగా, అది విచ్చుకుని పట్టు బిగుస్తుంది. ఆ దూలాలకి తుంగ్ చెట్టు గింజల నూనె పట్టించారు, నీరు పీల్చకుండా, పురుగు పట్టకుండా.

అంత ఎత్తులో ఎందుకు కట్టారంటే, కింద లోయలో వరద వస్తుంది. రాతిగోడ మధ్యలో లోపలికి వంగి ఉంటుంది కాబట్టి పైనుంచి వాన నేరుగా పడదు. ఎదురుగా ఇంకో కొండ అడ్డం కాబట్టి ఎండ రోజులో కాసేపే. చెక్కని చంపేవి మూడు: వరద, వాన, ఎండ. మూడింటినీ చోటు ఎంచుకోవడంతోనే తప్పించారు. నా మటుకు అసలు ఇంజనీరింగ్ అదే, దూలాలు తర్వాత. అన్నట్టు పైన ఒక గదిలో బుద్ధుడు, దావో మతానికి మూలపురుషుడైన లావోజీ, కన్ఫ్యూషియస్ ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఏ మతం బాటసారి వచ్చినా దండం పెట్టుకుని పోవచ్చు.

వూదాంగ్ కొండది ఇంకో తరహా. 1612 మీటర్ల శిఖరం మీద బంగారు మందిరం. 1416నాటిది. చెక్క కాదు, బంగారు పూత పూసిన కంచు. కానీ దగ్గరికి వెళ్ళి చూడండి: దూలాలు, దౌగొంగ్‌లు, పెంకులు, అన్నీ చెక్క కట్టడంలో ఎలా ఉంటాయో అలాగే కంచులో పోశారు. బీజింగ్‌లో ముక్కలుగా పోతపోసి, పడవల మీద తెచ్చి, శిఖరం మీద బిగించారు. లోహంలో పని చేస్తున్నా వాళ్ళ బుర్ర వడ్రంగి బుర్రే!

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్న భాగం. నీళ్ళు.

త్రీ గోర్జెస్ డ్యామ్ వచ్చాక యాంగ్జీ నీటిమట్టం సముద్రమట్టం నుంచి 175 మీటర్ల దాకా లేచే పరిస్థితి. ఒడ్డున ఉన్న ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. యున్‌యాంగ్ అనే పట్నానికి ఎదురుగా, అవతలి ఒడ్డు కొండ మీద జాంగ్ ఫెయ్ గుడి ఉండేది. జాంగ్ ఫెయ్ మూడు రాజ్యాల కాలపు సేనాని, కోపిష్టి. సొంత మనుషులే తల నరికి పట్టుకుపోయారు, ఆ తల నదిలో కొట్టుకొచ్చి ఇక్కడ చేపలవాళ్ళకి దొరికిందని స్థానికుల నమ్మకం. ఆ గుడిని ముక్కముక్కగా విప్పి, 32 కిలోమీటర్లు ఎగువకి తీసుకెళ్ళి, 2003లో మళ్ళీ తెరిచారు. ఎందుకు అంత దూరం? పట్నం కూడా అక్కడికే మారింది కాబట్టి. పట్నానికి ఎదురుగా గుడి ఉండాలి. పాత చోట ఎలా ఎదురుబొదురుగా ఉండేవో కొత్త చోటా అలాగే పెట్టారు.

మనకి ఇది తెలియని బాధ కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వస్తున్నాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో కట్టారు. నాగార్జునకొండ కట్టడాలు కొన్ని ఇప్పుడు సాగర్ మధ్య దీవి మీద ఉన్నాయి.

అదే యాంగ్జీ మీద, ఇంకాస్త ఎగువన, షిబావోజాయ్ ఉంది. ఒక పెద్ద బండరాతి కొండకి ఆనించి కట్టిన పన్నెండంతస్తుల ఎర్ర చెక్క మేడ, 56 మీటర్లు. కొండ మీది గుడికి వెళ్ళడానికి ఇది మెట్లదారి. ఒకప్పుడు గొలుసులు పట్టుకుని ఎక్కేవారు. మొదట తొమ్మిదంతస్తులే, మిగతా మూడూ 1956లో వేశారు. ఇది కొండకి ఆనుకుని ఉంది, విప్పితే కొండని కూడా మోసుకెళ్ళాలి. అందుకని చుట్టూ గోడ కట్టేశారు. ఇప్పుడు అదొక దీవి. వేలాడే వంతెన మీదుగా వెళ్ళాలి. పైన గుడిలో ఒక కన్నం చూపిస్తారు. రోజూ సన్యాసులకి సరిపడా బియ్యం అందులోంచి రాలేవట, ఒకడు ఆశకొద్దీ కన్నం పెద్దది చేస్తే ఆగిపోయాయట. ఈ కథ లేని దేశం లేదు కాబోలు.

మూడో ఉపాయం వూదాంగ్ కొండ కింద ఉన్న యుజెన్ ప్రాసాదంలో కనిపిస్తుంది. దాన్‌జియాంగ్‌కౌ జలాశయం ఎత్తు పెంచినప్పుడు అది మునిగే చోట ఉంది. దాని ద్వారాలు ఇటుకవి. ఇటుక కట్టడాన్ని విప్పితే మళ్ళీ అదే కట్టడం అవదు. అందుకని కింద జాకీలు పెట్టి ఉన్నచోటే పదిహేను మీటర్లు పైకి లేపారు. చెక్కయితే విప్పుతాం, ఇటుకైతే ఎత్తుతాం, కొండకి అంటుకున్నదైతే గోడ కడతాం. ఇప్పుడు చెప్పండి, పసుపు కొంగ మేడకి రేపు అలాంటి ప్రమాదం వస్తే ఏం చేస్తారు? కాంక్రీటులో ఒక దూలం లోపల ఇనుము తుప్పు పడితే ఆ దూలాన్ని లాగి కొత్తది పెట్టలేం. అందులో పోయింది అదే. మరమ్మతు చేసుకుంటూ బతికే గుణం.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి.

ఆ అమ్మాయి అడుగుతోంది, చెక్క కాలిపోతుంది కదా, కాంక్రీటు మేలు కాదా అని. కాలుతుందమ్మా, కాదనను. 2022 ఆగస్టులో ఫూజియాన్‌లో వాన్‌ఆన్ వంతెన తగలబడిపోయింది. సోంగ్ కాలంలో పుట్టిన పొడవాటి చెక్క వంతెన. మళ్ళీ చెక్కతోనే కట్టే పని చేపట్టారు, ఎందుకంటే ఆ పని తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు. ఈ చెక్క వంతెనల విద్యని యునెస్కో 2009లో అత్యవసరంగా కాపాడాల్సిన జాబితాలో పెట్టింది, 2024లో మామూలు జాబితాకి మార్చింది. కాలడం కంటే పెద్ద ప్రమాదం కట్టేవాళ్ళు లేకపోవడం. కాంక్రీటులో కట్టిన ప్రతి మేడా ఆ వడ్రంగులకి పోయిన పనే.

చోంగ్‌చింగ్‌లో రాత్రి లైట్లతో మెరిసే కట్టడం పాతదా అంటున్నారు ఈయన. హోంగ్యాదోంగ్ కదా? 2006లో తెరిచారు. పదకొండు అంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు. ఆ ప్రాంతంలో నది ఒడ్డు ఏటవాలు మీద కర్రల కాళ్ళ ఇళ్ళు కట్టుకునే పద్ధతి నిజంగానే ఉంది, దాని పోలికలో కట్టారు. కింద నది పక్క రోడ్డులో ప్రవేశిస్తే ఒకటో అంతస్తు, పైనున్న వీధిలోంచి వస్తే పదకొండో అంతస్తు. సరదాగా తిరగండి, తినండి. చరిత్ర వెతక్కండి.

హాంగ్‌జౌ లెయ్‌ఫెంగ్ గోపురమా? మంచి ప్రశ్న. పదో శతాబ్దపు ఇటుక గోపురం. ఇంట్లో పెట్టుకుంటే శుభమని జనం ఇటుకలు పీక్కుపోతే 1924లో కూలింది. 2002లో ఉక్కు చట్రంతో కొత్తది కట్టారు, ఎస్కలేటర్ కూడా ఉంది. కానీ కింద అంతస్తులో పాత ఇటుకల గుట్టని అద్దాల వెనక అలాగే ఉంచారు. పాతది ఇది, కొత్తది ఇది అని దాపరికం లేకుండా చూపించారు. కాంక్రీటో ఉక్కో తప్పదనుకుంటే నాకు నచ్చిన పద్ధతి ఇది.

ఒక వారమే ఉంటే ఎక్కడికి వెళ్ళమంటారు అని ఆఖరి ప్రశ్న. షాన్సీ వెళ్ళండి. దాతోంగ్‌లో మకాం పెడితే వేలాడే ఆలయం, యింగ్‌షియాన్ గోపురం రెండూ కారులో పగటిపూట వెళ్ళి రాగలిగిన దూరం. వేలాడే ఆలయం ఎక్కడానికి విడిగా టికెట్ ఉంటుంది, జనాన్ని లెక్కపెట్టి పంపుతారు కాబట్టి ముందే చూసుకోండి. అక్కడి నుంచి వూతాయ్ వైపు దిగి ఫోగువాంగ్ చూడండి, కాస్త పక్కదారి, రద్దీ తక్కువ. మిగిలిన రోజుల్లో యుయెయాంగ్. వుహాన్ నుంచి హైస్పీడ్ రైల్లో తేలిగ్గా వెళ్ళొచ్చు, ఎలాగూ వుహాన్‌లో దిగుతారు కాబట్టి పసుపు కొంగ మేడ కూడా ఎక్కండి. లిఫ్ట్‌లోనే వెళ్ళండి, పర్వాలేదు.